అభిమాన నటుడికి హరిశ్చంద్రుడు కాక నక్షత్రకుడి వేషం ఇచ్చారు. అంత దూరం వెళ్లి చూడొచ్చా?

శ్రీకాకుళం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. సీరియళ్లలోనూ, సినిమాల్లో చిన్న చిన్న పాత్రల్లోనూ చూసి ఇష్టపడ్డ ఒక కారెక్టర్ ఆర్టిస్టు వచ్చే నెల విజయనగరంలో స్టేజీ ఎక్కుతున్నారట. పాత సత్య హరిశ్చంద్ర పద్యనాటకాన్ని రెండున్నర గంటలకి కుదించి మళ్లీ వేస్తున్నారు. ఆయనది నక్షత్రకుడి వేషం. "ఇన్నాళ్లకి ఆయన్ని ఎదురుగా చూసే అవకాశం వస్తే సైడు వేషం ఇచ్చారు. పద్యాలు కూడా పెద్దగా ఉండవంటున్నారు. నేనెప్పుడూ పద్యనాటకం చూడలేదు. అమ్మని తీసుకుని అంత దూరం రావచ్చా?" అన్నది మీ సందేహం.

రండి. తప్పకుండా రండి. హరిశ్చంద్రుడు ఇవ్వలేదని బాధపడకండి. ఆయనలాంటి నటుడికి ఆ నాటకంలో దక్కాల్సిన వేషమే దక్కింది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: మొదటి నుంచీ కూర్చోండి. హరిశ్చంద్ర అంటే కాటి సీను, ఆ శ్మశానం ఘట్టమే కదా, మెల్లగా వెళదాం అనుకునేవాళ్లు మా వైపు చాలామంది ఉంటారు. కాశీలో అమ్మకాలు అయిపోయి బాకీ తీరగానే నక్షత్రకుడి పని అయిపోతుంది. కాటి సీనుకి వచ్చి కూర్చుంటే మీ నటుడి ముఖం కూడా కనబడదు.

నేను ఉత్తరాంధ్రలో పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తాను. అమ్మవారి పండగలకి, సంక్రాంతికి, నాటక పరిషత్తులకి, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళతాను. హార్మోనిస్టు స్టేజీకి ఓ పక్కన కూర్చుని, నాటకమంతా నటుల గొంతుల మీదే చెవి పెట్టి ఉంటాడు. కాబట్టి నక్షత్రకుడి గురించి నేను చెప్పేది ఎక్కువగా చెవితో తెలిసిన సంగతి.

ముందు కథలో ఆ వేషం ఎక్కడుందో చూడండి. హరిశ్చంద్రుడు రాజ్యం విశ్వామిత్రుడికి ధారపోశాడు. అయినా ఇస్తానన్న యాగధనం బాకీ ఉండిపోయింది. దానికో గడువు. ఆలి చంద్రమతినీ, బిడ్డ లోహితుణ్ణీ వెంటబెట్టుకుని అడవి దారిన కాశీకి నడుస్తున్నాడు. బాకీ వసూలుకి గురువు పంపగా వెనకాలే వస్తున్న శిష్యుడు నక్షత్రకుడు. "ఇస్తానని అనలేదు" అని రాజు ఒక్క అబద్ధమాడితే చాలు, అన్నీ తిరిగొచ్చేస్తాయి. ఆ ఒక్క మాట అనిపించడానికే నక్షత్రకుడు దారి పొడుగునా వేపుకు తింటాడు. కాళ్లు నొప్పులంటాడు, ఆకలంటాడు, కదలనంటాడు. పసివాడి ముందు తండ్రిని నిలదీస్తాడు. రాజు సత్యం ఎంత గట్టిదో చూసేవాళ్లకి తెలిసేది ఈ శిష్యుడు ఎంత గట్టిగా పీడించాడన్న దాన్ని బట్టే. నక్షత్రకుడు తేలిపోయిన రోజున హరిశ్చంద్రుడు ఎంత బాగా పాడినా పాటకచేరీ విన్నట్టు ఉంటుంది తప్ప, నాటకం చూసినట్టు ఉండదు.

ఇంకో మాట. ఈ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు తాను స్టేజీ ఎక్కినప్పుడు కట్టిన వేషం నక్షత్రకుడు. రాసినాయనే కట్టిన వేషాన్ని సైడు వేషం అని ఎలా అంటాం?

పద్యాలు తక్కువ అన్నది నిజమే. ఎక్కువ భాగం వచనం. అయితే పద్యనాటకంలో వచనం సీరియల్లో డైలాగు లాంటిది కాదు, దానికీ శ్రుతి ఉంటుంది. ఉదాహరణకి హరిశ్చంద్రుడు ఐదు శ్రుతిలో పాడుతున్నాడనుకోండి. నాలుగో పాదం చివర రాగం తీసి, పైషడ్జమం, అంటే పై 'స', అందుకుని, కిందికి దిగి ఆపుతాడు. నేను హార్మోనియం మీద షడ్జమం, పంచమం (స, ప) పట్టి ఉంచుతాను. జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు సద్దుమణిగీ సద్దుమణగకముందే నక్షత్రకుడు మాట అందుకోవాలి. తొందరపడితే మాట చప్పట్లలో కొట్టుకుపోతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే సీను చల్లబడుతుంది. పైగా ఆ మాట హార్మోనియం మీద నిలబడి ఉన్న శ్రుతిలో పడాలి. శ్రుతి తెలియని నటుడు మాట్లాడుతుంటే చూసేవాళ్లకి ఎందుకో తెలియకుండానే ముఖం చిట్లుతుంది. తెలిసినవాడు మాట్లాడితే పద్యం ఇంకా అయిపోలేదేమో, వచనంలోకి పారుతోందేమో అనిపిస్తుంది.

"వన్స్ మోర్" పడినప్పుడు నక్షత్రకుణ్ణి చూడండి. ఇది మీరు మరిచిపోవద్దు. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు, అదే పద్యం మళ్లీ పాడాలి. రెండోసారి అందరి కళ్లూ పాడేవాడి మీదే ఉంటాయి. పక్కనున్న నటుడికి చెయ్యడానికి ఏమీ ఉండదు, మొదటిసారే అన్నీ చేసేశాడు. చాలామంది అప్పుడు బొమ్మలా నిలబడిపోతారు, లేదా వింగులోకి, అంటే స్టేజీ పక్క తెరల చాటుకి, చూస్తూ గడ్డం సర్దుకుంటారు. గరివిడి వైపు ఒక స్కూలు మాస్టారు నక్షత్రకుడు వేసేవారు. వన్స్ మోర్ పడగానే ఆయన నేల మీద చతికిలబడి, కమండలం పక్కన పెట్టి, అరికాలు ఒత్తుకుంటూ, 'ఈ రాజు నాకు డబ్బు కట్టాల్సింది పోయి పద్యాలు చదువుతున్నాడేమిటి' అన్నట్టు ఆకాశం కేసి చూసేవారు. నోటంట ఒక్క మాట లేదు. నాలుగో పాదం దగ్గరికొచ్చేసరికి లేచి, బట్ట దులుపుకుని, చెయ్యి చాపి సిద్ధంగా ఉండేవారు. రెండోసారి పాడిన అదే పద్యం జనానికి కొత్తగా వినబడేది. టీవీలో మాట లేకుండా ముఖంతో నెగ్గుకొచ్చిన నటుడైతే ఇలాంటి చోట ఏదో ఒకటి చెయ్యకుండా ఉండడు. మీరు చెప్పిన దాన్ని బట్టి మీ అభిమాన నటుడు ఆ రకమే. నాకూ ఆయన్ని చూడాలని ఉంది.

ఈ వేషాన్ని రెండు రకాలుగా కడతారు. ఒకటి, నవ్వుల నక్షత్రకుడు. పిలక, బుర్ర గోక్కోవడం, తిండి గోల, ఎక్కడలేని హాస్యం. రెండు, కఠినమైన నక్షత్రకుడు. గురువాజ్ఞ తప్ప ఇంకేదీ ఎరగని శిష్యుడు. నా మటుకు నేను రెండోదాని వైపే. నవ్వు ఉండాలి, అడవి సీనులో అది లేకపోతే జనం ఊపిరి తీసుకోలేరు. కానీ వారణాసి సీనుకి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోవాలి. చంద్రమతిని నడిబజారులో నిలబెట్టి వెల పలుకుతున్నప్పుడు కూడా పక్కన నక్షత్రకుడు నవ్విస్తుంటే ఇంకేముంది? ఒక ఊళ్లో పేరున్న హాస్యనటుడొకర్ని పిలిపించి ఈ వేషం కట్టించారు. అడవి సీనులో ఈలలే ఈలలు. ఆ ఊపులో ఆయన వారణాసిలోనూ అదే నడక, అదే గొంతు. చంద్రమతి వేసిన ఆవిడ ప్రాణం పెట్టి పాడుతోంది, జనం ఇంకా నవ్వుతున్నారు. ఆ పద్యం అయ్యాక నేను శ్రుతి పట్టుకుని కూర్చున్నాను, హాల్లో ఒక్క చప్పట్టు లేదు. ఆవిడ కళ్లలో నీళ్లు నాకు కనిపించాయి. అవి పాత్ర కోసం పెట్టుకున్నవి కావు.

బాగా కడితే ఎలా ఉంటుందో కూడా చెబుతాను. పైన చెప్పిన మాస్టారే, ఒక అమ్మవారి పండక్కి అడవి సీను ఆడుతున్నారు. లోహితుడు దాహం అంటున్నాడు, ఈయన బాకీ సంగతి తేల్చమంటున్నాడు. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచి స్టేజీ దగ్గరికొచ్చి, కొంగు ముడి విప్పి నోటు తీసి, "ఇదిగోరా, ఇది తీసుకో. ఆ గుంటడి ఉసురు పోసుకోకు, బేగి ఒగ్గీ ఆలని" అంది. వాళ్లని తొందరగా వదిలెయ్యమని. నాటకంలో చదివింపులు మామూలే. కాటి సీనులో చంద్రమతికి జనం డబ్బులివ్వడం చాలా ఊళ్లలో ఉంది. కానీ నక్షత్రకుడికి లంచం ఇవ్వబోవడం నేను అక్కడే చూశాను. ఆయన వేషం వదల్లేదు. వంగి ఆ నోటు కేసి చూసి, హరిశ్చంద్రుడి కేసి చూసి, "చూశావటయ్యా రాజా, నీ బాకీకి ఊరివాళ్లు చందాలెత్తే దాకా తెచ్చావు" అని, "అమ్మా, ఇది నీ వల్ల తీరే రుణం కాదు" అంటూ నోటు ఆవిడ చేతిలోనే ముడిచి పెట్టారు. అది పుస్తకంలో లేని మాట. కానీ ఆ పాత్ర అనదగ్గ మాటే. హరిశ్చంద్రుడు వేసినాయన దాని తరవాత ఎత్తుకున్న పద్యం ఆ రాత్రికల్లా గొప్పగా వచ్చింది. ఎదుటివాడు అందిస్తే పాడేవాడికి ఎంత బలమో అప్పుడు తెలుస్తుంది.

ఇక మీరు అడగని విషయం ఒకటుంది, అదే నాకు భయం. కుదింపులో ముందు ఎగిరిపోయేది అడవి సీను. పాత రోజుల్లో రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారే దాకా నడిచేది. ఇప్పుడు రెండు, రెండున్నర గంటలు. పేరున్న పద్యాలు కాటి సీనులోనూ వారణాసిలోనూ ఉన్నాయి, వాటిని తీస్తే జనం ఊరుకోరు. కాటి సీనులోకి గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలు కూడా నటులు తెచ్చి కలిపారు, అవీ ఉండాల్సిందే అంటారు. దాంతో కత్తెర అడవి మీద పడుతుంది. అడవి పోతే నక్షత్రకుడికి మిగిలేది సగం వేషమే. నిర్వాహకుల ఫోన్ నంబరు పోస్టరు మీద ఉంటుంది కదా, "అడవి సీను ఉందాండీ?" అని ఒక్క మాట అడగండి. నటుడికి పేరుంది కాబట్టి ఆయన కోసమైనా ఉంచుతారనే నా నమ్మకం.

అదే ఫోన్లో ఇంకోటి కూడా కనుక్కోండి. మా కాంట్రాక్టు నాటకాల్లో ఒకే పాత్రని సీనుకొకరు పంచుకోవడం ఆనవాయితీ. అడవి హరిశ్చంద్రుడు ఒకరు, వారణాసికి ఒకరు, కాటికి ఇంకొకరు. నక్షత్రకుణ్ణి కూడా ఇద్దరికి పంచిన సందర్భాలున్నాయి. మీ నటుడు రెండు సీన్లూ తానే ఆడుతున్నారా లేదా అన్నది ముందే తెలిస్తే మంచిది. నన్నడిగితే ఈ వేషాన్ని పంచకూడదు. అడవిలో పీడించినవాడే కాశీలో డబ్బు అందుకోవాలి. అందుకునేటప్పుడు ఆ చెయ్యి వణికిందా లేదా అన్నదాన్లోనే ఆ నటుడు ఈ పాత్రని ఎలా అర్థం చేసుకున్నాడో మొత్తం తెలిసిపోతుంది. కొందరు అక్కడ జాలి చూపిస్తారు. కొందరు చూపించరు. మాస్టారు డబ్బు లెక్కపెట్టుకోకుండా మూట కట్టేసుకునేవారు. అంతదాకా ప్రతి దమ్మిడీకీ నిలదీసిన మనిషి లెక్క చూసుకోకుండా తల దించుకుని వెళ్లిపోతుంటే, అప్పటిదాకా తిట్టిన ఆడవాళ్లే నిశ్శబ్దమైపోయేవారు.

ఆయన పాడగలరా అని మీకు లోపల గుబులున్నట్టుంది. పాడలేకపోయినా ఫరవాలేదు. ఉన్న నాలుగు పద్యాలూ విరుపు తెలిసి, అర్థం తెగకుండా చదివితే చాలు. రాగం కోసం మాటని నలిపేసిన పద్యం కన్నా అది ఎంతో మేలు. మన ఉత్తరాంధ్రలో వంతరం అనే ఊళ్లో పుట్టిన పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడి వేషంలో అంత పేరు తెచ్చుకున్నది గొంతు ఒక్కదానితోనే కాదు. రాగం ఎంత తీసినా పద్యంలో మాట మాటా చివరి వరస దాకా తెలిసేది. ఆ బాట ఉన్న నేల ఇది. పైగా 1919 నుంచీ మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు. విజయనగరం జనానికి అపస్వరం వెంటనే తెలిసిపోతుంది. అలాగే మాట శుద్ధంగా పలికిన నటుణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. 1892లో జగన్నాథ విలాసినీ సభ వారు కన్యాశుల్కాన్ని మొదట ఆడింది కూడా ఈ ఊళ్లోనే. గిరీశం ధీరోదాత్త నాయకుడేమీ కాదు గదా, ఈనాటికీ ఇక్కడివాళ్లు ముందు తలుచుకునేది అతన్నే. కారెక్టర్ వేషానికి విలువ తెలిసిన ఊరికే మీ నటుడు వస్తున్నారు.

టీవీ నటులకి స్టేజీ మీద వచ్చే అసలు ఇబ్బంది పాట కాదు, ఊపిరి. కెమెరా ముందు వాక్యాన్ని ముక్కలు చేసి చెప్పొచ్చు. ఇక్కడ సమాసం మొత్తం ఒక్క గుక్కలో పోవాలి. మధ్యలో ఊపిరి తీస్తే అర్థం రెండుగా చీలిపోతుంది. ఇప్పుడు కాలర్ మైకులు వచ్చాక గొంతు వినబడకపోవడం అనేది లేదు. కానీ ఆ మైకు గడ్డానికి రాసుకుంటే గరగరమంటుంది, ఊపిరి ఎగశ్వాస కూడా హాలంతా వినబడుతుంది. మొదటి పది నిమిషాలు అలాంటిదేమైనా ఉంటే ఓపిక పట్టండి, సర్దుకుంటారు.

కొత్త ప్రదర్శనల్లో హార్మోనియం, తబలా లేకుండా ముందే రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాకు మీద ఆడటం కూడా మొదలైంది. అలా అయితే నాకు బాధే. ట్రాకు నటుడి కోసం ఆగదు. జనం నవ్వినా ఆగదు, వన్స్ మోర్ అన్నా వెనక్కి రాదు. ముసలమ్మ స్టేజీ దగ్గరికొస్తే ఆవిడ కోసమూ ఆగదు. మీరు వెళ్లేసరికి స్టేజీ పక్కన హార్మోనియం పెట్టి కనబడితే సంతోషించండి. వీలైతే ఆ వైపే, నాలుగైదు వరసల వెనక కూర్చోండి. నక్షత్రకుడు తరచు ఆ పక్కకే వస్తాడు, శ్రుతి దగ్గరగా వినబడుతుందని.

మీ అమ్మగారిని తీసుకురావడం మంచి ఆలోచన. ఆ తరం వాళ్లలో కాటి సీను పద్యాలు నోటికి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు, రేడియోలోనూ రికార్డుల మీదా విన్నవాళ్లే. కథ ముందుగా ఆవిడ చేతే చెప్పించుకోండి. ముఖ్యంగా బాకీ ఎలా వచ్చిందో అడగండి. అది తెలియకపోతే నక్షత్రకుడు ఊరికే గొడవ పెట్టుకుంటున్నట్టు ఉంటుంది. వెనక్కి శ్రీకాకుళం ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోండి. పద్యనాటకం అన్న టైముకి మొదలవదు, అన్న టైముకి అయిపోదు.

ఆయన స్టేజీ మీదికి రాగానే సీరియల్లో పేరు పెట్టి కేకలు వెయ్యకండి, పక్కవాళ్లనీ వెయ్యనివ్వకండి. వేషం కట్టినవాడు ఆ కేకతో ఒక్కసారి బయటికొచ్చేస్తే మళ్లీ లోపలికి పోవడానికి టైము పడుతుంది. చప్పట్లు మాత్రం దాచుకోకండి. నక్షత్రకుడికి మామూలుగా చప్పట్లు తక్కువ పడతాయి, మంచి మాట పడిన చోట మీరు మొదలెడితే హాలు అందుకుంటుంది.

కలవాలనుకుంటే నాటకం ముందు వద్దు. మేకప్ వేసుకునేటప్పుడు నటుడు వచనం మననం చేసుకుంటూ ఉంటాడు. నక్షత్రకుడి పని సగంలోనే అయిపోతుంది కాబట్టి కాటి సీను నడుస్తుండగా గ్రీన్‌రూములో ఖాళీగానే ఉంటారు. అలాగని అప్పుడూ వెళ్లకండి. కాటి సీను మీరు చూడాలి, చాలామంది నటులు వింగులో నిలబడి తామూ చూస్తారు. తెర పడ్డాక వెళ్లండి. "మీ సీరియల్ రోజూ చూస్తామండీ" అన్న మాట ఆయన రోజూ వింటారు. అడవిలో ఏ మాట దగ్గర మీకు కోపం వచ్చిందో, కాశీలో డబ్బు తీసుకున్నప్పుడు ఆయన చెయ్యి ఎలా కనబడిందో చెప్పండి. మీ అమ్మగారిని కూడా చెప్పమనండి. రేపు ఇంకో ఊళ్లో అదే సీను ఆడాల్సిన మనిషికి ఆ మాటలు పనికొస్తాయి.